నవనందుల సీమలో ఒంగోలు ఆవు

నంద్యాల చుట్టును తొమ్మిది నందిక్షేత్రములు కలవు. మహానంది, ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది, శివనంది, విష్ణునంది, గరుడనంది, వినాయకనంది. కార్తికమాసమున ఈ తొమ్మిదింటిని ఒక్క దినముననే దర్శించి ఇల్లు చేరుట ఇక్కడివారి వాడుక. కొంచెము దూరమున యాగంటిలోని బసవన్న ఏటేట పెరుగుచున్నాడని జనుల నమ్మకము. ఇక ఆళ్లగడ్డలో శిల్పుల ఉలిచప్పుడు నేటికిని వినవచ్చును. అచ్చట మలచిన నందులు లారీల కెక్కి ఎన్నియో ఊళ్ల దేవాలయములకు పోవుచుండును.

ఈ రాతినందుల యెదుట ఒక నిమిషము నిలిచి చూచినవారికి ఒక సంగతి తోచకపోదు. ఎత్తైన మూపురము, మడతలు మడతలుగా వ్రేలాడు గంగడోలు, పొట్టి కొమ్ములు, వెడల్పైన నొసలు. ఇవి శిల్పి ఊహించి కల్పించినవిగా తోపవు. తన వాకిట కట్టివేసియున్న పశువును చూచి చెక్కినట్లే యున్నవి. ఆ పశువు నేడు ఎన్ని వాకిళ్లలో ఉన్నది? ఈ విషయమును గూర్చియే నేడు శ్రోతలతో కొంతసేపు ముచ్చటింపదలచితిమి.

మొన్నటి వేసవిలో మేము ఆళ్లగడ్డ దిక్కున ఒక పల్లెకు పోయియుంటిమి. పేరు చెప్పవలసిన పని లేదు. కుందూనది పొడవునను అట్టి పల్లెలు ఎన్నియో కలవు. మేము దిగిన ఇంటి పశువులపాక పొడవును చూడగా, ఒకప్పుడు అందు ఎనిమిది పది తలలు కట్టుచుండిరని తెలియుచున్నది. గాడి రాళ్లు పశువుల మెడల రాపిడికి నున్నబడి అద్దమువలె మెరయుచున్నవి. ఇప్పుడు పాకలో ఉన్నవి రెండు ఎనుములు, మూలగా ఒక తెల్లని ఆవు. తక్కిన చోటునంతయు ట్రాక్టరు ఆక్రమించినది.

పట్నమునుండి పోయినవారి అలవాటు చొప్పున మేము "అయ్యో, ఎద్దులు లేవా?" అంటిమి. ఇంటి యజమాని నవ్వెను. ఏబదియేండ్లు దాటినవాడు, స్వయముగా సేద్యము చేయువాడు.

"ఎద్దు పని ఉన్నా తింటాది, లేకున్నా తింటాది సామీ. ట్రాక్టరు పని ఉన్న పొద్దే తాగుతాది. ఏడాదిలో ఎద్దుకు పని ఎన్ని దినాలు? మేపేదానికి చొప్ప యాడిది? కాసేదానికి పిల్లోడు యాడ?" అని అతడు మమ్ములనే ప్రశ్నించెను.

ఈ మూడు ప్రశ్నలకును జవాబు చెప్పలేనివారు దేశవాళి పశువును గూర్చి ఉపన్యసింపరాదని మా అభిప్రాయము. గోవు మహిమను ఎంత పొగడినను గాడిలో చొప్ప పడదు గదా. అదే సమయమున ఆ ఇంటి ముసలియవ్వ, ఆ రైతు తల్లి, మూలనున్న తెల్లావు ముఖము నిమురుచు, "దీన్ని మాత్రం నేనున్నంతకాలం అమ్మనీను నాయనా" అనెను. కొడుకు లెక్క, తల్లి పట్టుదల, రెండును ఒక్క పాకలోనే యున్నవి. ఎవరిది న్యాయము?

ఒంగోలు జాతికి పుట్టినిల్లు నంద్యాల కాదు. నల్లమలకు తూర్పున, గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు ప్రవహించు నేలలు దానికి జన్మభూమి. అయినను నల్లమలకు పడమట దానికి మెట్టినిల్లు దొరకుటకు కారణము ఇక్కడి మన్ను. నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతముల నల్లరేగడి ఎండినచో ఇనుము, తడిసినచో జిగురు. వేసవిలో చేయి దూరునంతటి నెఱ్ఱెలు విచ్చును; వాన పడిన మరునాడు పెట్టిన కాలు పైకి రాదు. దున్నుటకు దొరకు అదను కొద్ది దినములే. గరిక వేళ్లు లోతునకు పాతుకొనిపోయిన చేలను పెకలించుటకు వెనుకటి రైతులు పెద్దమడక కట్టెడివారు. దానికి ఒక జత ఎద్దులు చాలవు. నాలుగైదు జతలను వరుసగా పూన్పవలసి యుండెను. ఇట్టి నేలకు చిన్న ఎద్దు పనికిరాదు. అందుచేతనే నంది కనుమ దారిని తూర్పుసీమ కోడెలు ఇటు వచ్చుటయు, ఇక్కడి రైతులు వానిని బిడ్డలవలె మేపి కాడికి అలవాటు చేయుటయు జరిగినది.

దున్నుటయే కాదు. గొర్రుతో విత్తుట, గుంటకతో పైరుల నడుమ పాటు తీయుట, కపిలబావినుండి తోలుసంచితో నీరు తోడుట, పంటను బండిమీద ఇల్లు చేర్చుట, కళ్లమున కంకులు తొక్కించుట, అన్నియు ఎద్దు మెడమీదనే సాగినవి.

ఇందు ఆవు స్థానమేమో గమనింపవలెను. ఒంగోలు ఆవును ఇక్కడ పాలకొరకు సాకలేదు. కోడెదూడకొరకు సాకిరి. పాలలో దూడ త్రాగగా మిగిలినది ఇంటికి. మంచి కోడెల జతను అమ్మినచో ఇంట ఒక పెండ్లి జరిగెడిది. పేడ దిబ్బకు, దిబ్బ చేనికి. చేనిలో జొన్న, కంకి ఇంటికి, చొప్ప వామికి, వామి మరల పశువునకు. బండిచక్రమున ఆకులవలె ఇవి ఒకదాని నొకటి పట్టి నిలిపినవి.

ఆ ఆకులు ఒక్కొక్కటిగా ఊడినవి. పాత కర్నూలు-కడప కాలువ క్రిందను, దాని తరువాత తెలుగుగంగ క్రిందను వరి పెరిగినది. మెట్ట రేగడిలో జొన్న తగ్గినది. 1999లో విడుదలయిన జె.జి. 11 అను శనగ రకము వచ్చిన పిమ్మట, పైరుకాలము తక్కువ, తేమ అవసరము తక్కువ, రాబడి నమ్మకము అగుటచే రబీ రేగళ్లు శనగచేలుగా మారినవి. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము 1906 నాటిది. ప్రత్తికిని జొన్నకును పేరుగాంచిన ఆ క్షేత్రమునుండియే, యంత్రముతో కోయుటకు వీలుగా నిలువుగ పెరుగు 'ధీర' అను శనగ రకము వెలువడినది. ఇవి రైతునకు మేలు చేసినవే గాని కీడు చేసినవి కావు. కాని శనగపొట్టు గొఱ్ఱెలకు, మేకలకు కొన్నాళ్లు పనికివచ్చును. జొన్నచొప్పవలె వామి వేసికొని ఏడాది పొడుగున వాడుకొనునది కాదు. రైతు అడిగిన రెండవ ప్రశ్నకు మూలము ఇక్కడ నున్నది. ట్రాక్టరు వచ్చి ఎద్దును వెళ్లగొట్టినదని అందరును అందురు. చాలయిండ్లలో ట్రాక్టరు వాకిటికి రాకమునుపే చొప్పవామి పెరటినుండి వెళ్లిపోయినదని మేము అందుము.

ఎద్దునకు పని తగ్గగానే కోడెకు వెల తగ్గినది. కోడెకు వెల తగ్గగానే కోడెను కను ఆవునకు విలువ తగ్గినది. పాల కేంద్రమువారు వెన్నశాతమునుబట్టి వెల కట్టుదురు గనుక పాడి కోరువారు ఎనుమును కట్టిరి. ఎక్కువ పాలు కోరువారు జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులను తెచ్చిరి. 2019లో జరిగిన ఇరువదియవ పశుగణనలో దేశమున సంకరజాతి, విదేశజాతి పశువులు 5 కోట్లకు చేరినవి; అవి 2012 నాటికంటె నూటికి 27 వంతులు పెరిగినవి. దేశవాళి పశువులు నూటికి 6 వంతులు తగ్గి 14 కోట్ల 21 లక్షలయినవి. పాలయుత్పత్తిలో మన దేశము ప్రపంచమున మొదటి స్థానమున నున్నదన్నచో ఎనుము, సంకరజాతి ఆవు చేసిన సేవ అందు చాల కలదు. దానిని కాదనుట కృతఘ్నత.

ఒంగోలు ఆవు పాలలెక్కను దాచుటయు మాకు ఇష్టము లేదు. ఒక ఈతకు సగటున 800 కిలోలు. తక్కువ ఇచ్చునవి 500 లోపు, మంచివి 1000 వరకు. మంచి సంకరజాతి ఆవు దీనికి మూడు నాలుగు రెట్లు ఇచ్చును. పాలచెంబు ఒక్కటే కొలతపాత్రయైనచో ఈ వాదము ఇక్కడితో ముగిసినట్లే.

అయితే పాకలో వేసవి యనునది ఒకటి కలదు. నంద్యాలలో 44, 45 డిగ్రీల ఎండ క్రొత్తది కాదు. రాష్ట్రమున అత్యధిక ఉష్ణోగ్రత నంద్యాలలో నమోదైనదని రేడియో వార్తలలో శ్రోతలు పలుమారులు వినియే యుందురు. చలిదేశమున పుట్టిన హోల్‌స్టీన్ ఆవు 25 డిగ్రీలు దాటినప్పటినుండియే కష్టపడ నారంభించును. రొప్పును, మేత తగ్గించును, పాలు తగ్గించును, ఎదకు రాదు. దానిని నిలుపుటకు నీడ, పంకాలు, నీటితుంపరలు, పచ్చమేత, దాణా కావలెను. ఇవన్నియు సమకూర్చగలవాడు దానిని తప్పక సాకవచ్చును. ఒంగోలు ఆవు శరీరమే వేరు. తెల్లని పొట్టివెండ్రుకలు ఎండను త్రిప్పికొట్టును. వాని క్రింది నల్లని చర్మము సూర్యకిరణముల తాకిడినుండి లోపలిభాగమును కాపాడును. వదులైన చర్మమును, గంగడోలును వేడిని వెలికి పంపుటకు విశాలమైన తావు నిచ్చును. స్వేదగ్రంథులు హెచ్చు. శరీరములో పుట్టు వేడియు తక్కువ, ఏలయన అది తిను మేత తక్కువ, ఇచ్చు పాలు తక్కువ. పాలు తక్కువయగుటయు ఎండకు నిలుచుటయు ఒక్క నాణెమునకు రెండు ముఖములు. శాస్త్రజ్ఞులు ఒకదానిని పెంచి రెండవదానిని పోగొట్టకుండుటకు ప్రయత్నించుచున్నారు గాని అది సులభము కాదు.

ఇక గోమార్లు. వీనిద్వారా వ్యాపించు థైలేరియా జ్వరము సంకరజాతి ఆవుల పాలిటి యముడు. ఆవు రక్తహీనమై పడిపోవును. మన నాటుపశువులు తరతరములుగా ఈ గోమార్లతో కలిసి బ్రదికినందున ఆ జ్వరమును చాలవరకు తట్టుకొనగలవు. అట్లని దేశవాళి పశువునకు రోగమే రాదని చెప్పువారి మాట నమ్మవలదు. గాలికుంటు వచ్చును, 2022లో దేశమంతటను వ్యాపించిన ముద్దచర్మవ్యాధియు వచ్చినది. టీకాలు దీనికిని వేయింపవలసినదే.

మరియొక సంగతిని ఇక్కడనే చెప్పి ముందుకు పోయెదము. ఈ కాలమున పట్నములలో ఏ-2 పాలని పేరుపెట్టి నాటు ఆవుపాలను అమృతమువలె అమ్ముచున్నారు. ఆ పాలలోని మాంసకృత్తులో తేడా ఉన్నమాట నిజము. అది సర్వరోగనివారిణి యనుటకు తగిన ఋజువు ఇంకను లేదు. వ్యాపారప్రకటనల పునాదిమీద ఒక జాతిని నిలుపబూనుట మాకు క్షేమముగ తోచదు. చిత్తూరు సీమ పుంగనూరు ఆవు కథను చూడుడు. అంతరించునంత దశకు వచ్చిన ఆ చిన్న ఆవు నేడు ధనికుల ఇండ్లలో ముద్దుబొమ్మ యైనది. బ్రదికినందుకు సంతోషమే, కాని ముచ్చట తీరిన పిమ్మట దాని గతి యేమి?

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత ఒంగోలు ఆవు విషయమున అక్షరాల నిజమయినది. పంతొమ్మిదవ శతాబ్దమున ఈ జాతి పశువులు ఓడ లెక్కి బ్రెజిలు దేశము చేరినవి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. అందుచేత అచ్చటివారు వీనిని 'నెలోరె' యనిరి, ఇప్పటికిని ఆ పేరే నిలిచినది. 1960 ప్రాంతమున మరల వచ్చి ఏరి ఏరి కొన్ని ఆబోతులను కొనిపోయిరి. అందులో ఒంగోలు దగ్గరి కరవది గ్రామపు ఆబోతు ఒకటి. దానిని వారు 'కర్వాడి' యని తమ గ్రంథములలో వ్రాసికొని, దాని సంతతిని నేటికిని లెక్కించుచున్నారు. అన్ని భారతీయజాతులును కలిపి అక్కడికి పోయినవి కొద్ది వేలు మాత్రమే. నేడు 20 కోట్లకు పైబడిన బ్రెజిలు పశువులలో అధికభాగము ఈ నెలోరె రక్తమే. 2023లో వియాటినా-19 అను నెలోరె ఆవుపై మూడవవంతు హక్కు వేలములో అమ్ముడుపోగా, ఆ లెక్కను దాని మొత్తము వెల 40 లక్షల డాలర్లకు మించినది. ఇండోనేషియాలోని సుంబా దీవిలోను ఒంగోలు మందలు కలవు. అమెరికా బ్రాహ్మణ్ జాతిలోను ఈ రక్తము కలదు.

బ్రెజిలువారు దీనిని మాంసమునకు పెంచుదురు. మన ఆచారము అది కాదు, ఆ మార్గము మనది కానక్కర లేదు. కాని వారు చేసిన పని యొకటి గమనింపదగినది. వారు ప్రతి దూడకును తల్లియెవరో, తండ్రియెవరో, పుట్టినప్పుడు బరువెంతో, ఏడాదికి బరువెంతో వ్రాసిపెట్టిరి. మనము నంది యని మ్రొక్కితిమి, పుస్తకమున వ్రాయలేదు.

దీనికి ఎదురైన కథ ఆఫ్రికాలోనిది. కెన్యాలోని మాసాయి జనులకు ఎఱ్ఱని నాటుగొఱ్ఱె యుండెను. కడుపులోని పాములను అది తట్టుకొనగలదు. 1970 తరువాత, త్వరగా బరువెక్కునని డార్పర్ జాతి పొట్టేళ్లను తెచ్చి సంకరము చేయసాగిరి. వానలు బాగుగా కురిసినన్నాళ్లు అంతయు బాగుగనే యుండెను. కఱవులు, జబ్బులు వచ్చినప్పుడు నాటుగొఱ్ఱె విలువ తెలిసివచ్చినది; తెలిసివచ్చునప్పటికి స్వచ్ఛమైన మందలు దొరకుట దుర్లభమైనది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2007లో ప్రకటించిన నివేదికలో, అంతకు ముందటి ఏండ్లలో ప్రపంచమున సగటున నెలకొక పశుజాతి అంతరించినదని వ్రాసిరి. పోయిన జాతిని డబ్బుపోసి కొని తెచ్చుటకు సంత లేదు.

తిరిగి మన సీమకు వచ్చెదము. ఒంగోలు గిత్తను చూడవలెనన్న నేడు చేలకు పోనక్కర లేదు, తిరునాళ్లకు పోవలెను. శివరాత్రికిని, ఉగాదికిని, సంక్రాంతికిని నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుప్రక్కల పల్లెలలో బండలాగుడు పందెములు జరుగును. పాలపండ్లు, రెండుపండ్లు, నాలుగుపండ్లు, ఆరుపండ్లు అని పండ్లనుబట్టి తరగతులు. గడువు నిమిషములలో బండను ఎన్ని అడుగులు లాగినవో టేపుతో కొలుతురు. ఆ గిత్తల ఠీవి చూడవలసినదే. ఉలవలు తిని మెరయు వెన్ను, నూనె రాచిన కొమ్ములు, మెడలో గజ్జెలపట్టెడ. వాని వెల లక్షలలో పలుకును. ఈ పందెములే లేకున్నచో పెద్దగిత్తల వంశము ఈపాటికి ఇంకను సన్నగిల్లియుండెడిదని మేమును ఒప్పుకొందుము.

కాని పందెపుగిత్తను కొనువాడు గిత్తను చూచును, పండ్లను చూచును, సుళ్లను చూచును. తల్లి ఎక్కడ నున్నది, ఏడాదికొక దూడను ఈనుచున్నదా, ఎంత పాలిచ్చినది, అని అడుగువారు అరుదు. తల్లి ఏ పల్లెలోనో ఎండుగడ్డి నములుచుండును. ముదిరిన పిమ్మట సంతకు పోవును. మైదానమున గిత్తకు వెండిపతకము, పాకలో ఆవునకు ఎండుగడ్డి. ఇట్లయినచో గిత్తలు మాత్రము ఎన్నాళ్లు పుట్టును? అదే తిరునాళ్లలో ఒక ప్రక్కగా రాటలు పాతి, దూడతో కూడిన ఆవునకు, ఎడము లేక ఈనిన ఆవునకు, పాలలెక్క వ్రాసియున్న ఆవునకు బహుమానము లిచ్చుట కష్టమైన పని కాదు. పందెమునకు వేలు లక్షలు చందాలు ఇచ్చు పెద్దలు అందులో పదియవ వంతు దీనికి ఈయవచ్చును.

వెనుకటివారు ఈ విషయమున మనకంటె తెలివిగలవారు. పెద్దలు గతించినప్పుడు వారి పేర ఒక కోడెకు అచ్చువేసి దేవుని పేర విడుచు ఆచారము ఉండెను. మంచి తల్లికి పుట్టిన, లోపములేని కోడెనే ఊరివారు అంగీకరించెడివారు. అది ఏ చేనిలో మేసినను కొట్టరాదు. ఊరి ఆవుల కన్నింటికిని అదియే ఆబోతు. ఒంగోలు జాతి అంత ఒద్దికగా రూపొందుటకు ఈ ఆచారము చాలవరకు కారణము. నేడు 'అచ్చోసిన ఆంబోతు' అనునది తిట్టుగా మిగిలినది, ఆబోతు పోయినది.

దాని స్థానమును ఇప్పుడు సూది ఆక్రమించినది. నంద్యాలలోనే ఘనీకృత వీర్యకేంద్రము కలదు. ఆబోతుల వీర్యమును సన్నని నాళికలలో నింపి, సున్నకు దిగువ 196 డిగ్రీల చలిగల ద్రవనత్రజనిలో నిలువయుంతురు. మహానందిలో పశువైద్య విశ్వవిద్యాలయమువారి పశుపరిశోధన స్థానమున ఒంగోలు మంద కలదు. గుంటూరు దగ్గర లాం, ప్రకాశము జిల్లాలో రామతీర్థము, నెల్లూరు జిల్లాలో చింతలదేవి క్షేత్రములలోను మందలు కలవు. కావున విత్తనము లేదని చెప్పుటకు వీలులేదు. కొఱవడినది దానిని మోయు ఆవు, ఆ ఆవునకు ఇంట పని.

పని యన్నచో ఏ పని? రైతు అడిగిన మొదటి ప్రశ్న అదియే గదా. దుక్కిని ట్రాక్టరునుండి మరల లాగికొనుట జరుగునది కాదు. జరుగవలెనని మేము కోరుటయు లేదు. కాని ప్రత్తి, కంది, మొక్కజొన్న మోకాలెత్తు పెరిగిన పిమ్మట పెద్ద ట్రాక్టరు సాళ్లలోనికి దిగలేదు. గుంటకతో కలుపు తీయుటకు ఇప్పటికిని ఎద్దుల జతను వెదకుచు ఊరూరు తిరుగుచున్నారు. తడిరేగడిలో బరువైన యంత్రము తిరిగినచో మన్ను అణగి గట్టిపడును. ఎద్దు డెక్క అంత కీడు చేయదు. ఆ పల్లెలోనే ఒక జతను ఉంచుకొన్న మరియొక రైతు, సొంత సేద్యము మూడెకరములే యైనను, అదనులో బాడుగకు తీరిక లేక తిరుగుచున్నాడని మాకు తెలిసినది. అన్ని ఇండ్లకును జత అక్కరలేదు. ముగ్గురు నలుగురు రైతులకు ఒక జత చాలును. నల్లమలకు ఉత్తరమున అమ్రాబాదు దిక్కున 'పొడ తూర్పు' అను మచ్చల పశువులు ఈ తీరుననే నిలిచినవి. వాని ఎద్దులను కొనుటకు పడమటి మెట్టరైతులు నేటికిని వచ్చుచున్నందుననే అడవియంచుల కాపరులు ఆ మందలను వదలలేదు. ఇటీవల దానికి ప్రత్యేకజాతిగా జాతీయ గుర్తింపును లభించినది.

రెండవ పని పేడ. మన రేగడినేలలలో సేంద్రియపదార్థము తక్కువ. 2016 నుండి రాష్ట్రమున ప్రకృతి సేద్యమును ప్రోత్సహించుచున్నారు. ఎకరమునకు 10 కిలోల పేడ, అంతకు సగమో సమమో పంచితము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుధాన్యపు పిండి, గుప్పెడు మన్ను 200 లీటర్ల నీటిలో కలిపి జీవామృతము చేయుట చాలమంది శ్రోతలకు తెలిసినదే. నాటు ఆవు పేడకే ఆ గుణము కలదా, ఎనుము పేడకు లేదా అను వాదములోనికి మేము దిగము. ఇంట ఒక పశువు ఉన్నచో ఎరువు కొనుగోలు కొంతయైనను తగ్గును. ఆ పశువు తక్కువ మేతతో, తక్కువ మందులతో బ్రదుకునదైనచో లాభము నిలుచును. ఎన్నవలసినది అంతవరకే.

చొప్ప సంగతి. శనగ వేయు రైతు మొత్తము చేను జొన్నకు మరల్చడు. గట్టునను, చెలకయంచునను ఏడెనిమిది సెంట్లు మేతజొన్న వేసినచో ఒక ఆవునకు కొంత ఆధారమగును. వరికోత యంత్రము పారవేసిపోవు గడ్డిని తగులబెట్టక కట్టలు కట్టించినచో మరికొంత. కాయు పిల్లవాడు మాత్రము దొరకడు. వాడు బడికి పోవుచున్నాడు, పోవలసినదే. కావున కట్టివేసి సాకుటయే గతి, దానికి మేత ఖర్చు ఎక్కువ. ఈ మూడవ ప్రశ్నకు మాయొద్ద పూర్తి జవాబు లేదు.

ఆ సాయంకాలము మేము బయలుదేరబోవు వేళ తెల్లావు అరవసాగెను. ముందునాటినుండి మేత సరిగా తినుటలేదట. అవ్వ తోక ప్రక్కకు తీసి చూచి, "ఎదకొచ్చినాది. సూదాయనకు ఫోను చెయ్ రా" అని కొడుకుతో చెప్పెను. ఒక గంటలో ఆయన ద్విచక్రవాహనమున వచ్చెను. చలిపెట్టె మూత తీయుచు, ఏ సూది వేయవలెనని అడిగెను. ఇప్పుడు ఆడదూడలే పుట్టునట్టి వేరుచేసిన వీర్యము కూడ వచ్చినది. నూటికి 90 పాళ్లు పెయ్యలే పుట్టును. అదియు చెప్పెను.

కొడుకు తల్లివైపు చూచెను. "పెయ్యయితే పాలకన్నా పనికొస్తాది అమ్మా. కోడె పుడితే ఏం చేసేది?"

అవ్వ కొంతసేపు మాటాడలేదు. తరువాత, "ఒంగోలు సూది మామూలుదే ఎయ్యి నాయనా. ఏది పుడితే అది పుట్టనీ" అనెను.

కొడుకు మారు పలుకలేదు. ట్రాక్టరు చక్రమునకు ఆనించియున్న నీళ్లబకెట్టును తీసి, సూదియాయన చేతులు కడుగుకొనుటకు నీరు పోసెను. ఆవు ఈనుటకు ఇంకను సమయమున్నది.